మా అరుగు మీద పత్రిక ఆపించిన సంగతి

మా బావను నేను క్షమించలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, అయినా క్షమించాలనిపించదు.

ఆయన మా ఆయనకు అన్న. నైజాం రాజ్యం చివరి రోజుల్లో ఆలేరులో మా పక్కింట్లోనే వేరుగా ఉండేవాడు. రోజూ మధ్యాహ్నం స్టేషన్‌కు పోయి, సికింద్రాబాదు బండిలో వచ్చే పత్రిక తెచ్చుకునేవాడు. చదవడం మాత్రం తన ఇంట్లో కాదు, మా అరుగు మీద. మాది పెద్ద అరుగు, దారి మీదికి ఉంటుంది, పదిమంది కూర్చోవచ్చు. తుపాకులు పట్టుకుని తిరిగే సర్కారు తరఫు మూకలు ఏ ఊళ్లో ఇళ్లు తగలబెట్టాయో, ఎక్కడ ఎవరిని కాల్చాయో గొంతెత్తి చదివేవాడు. అది చాలక, పత్రికలో లేనిది కూడా కలిపేవాడు. జనం నోళ్లు తెరుచుకుని వింటుంటే ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగేది. నాకు ఒళ్లు మండేది.

మా అత్త కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే వదిలేసేది. చీరలు, చెంబులు మూట కట్టేది, విప్పేది, మళ్లీ కట్టేది. నాలుగేళ్ల నా బిడ్డ రైలు కూత వినబడగానే వడ్ల గుమ్మి వెనక దూరేది. బండి వస్తే పత్రిక వస్తుందని, పత్రిక వస్తే మమ్మల్ని చంపుతారని దానికి అర్థమైంది. ఊళ్లో భయం లేదని కాదు. ఉంది. ఆ ఉన్న భయం చాలదా అని నా కోపం.

ఒకరోజు ఆయన పత్రిక విప్పి, "ఆలేరు ఖాళీ అయింది. జనమంతా ఇండ్లిడిసి పారిపోయిన్రు" అని చదివాడు.

అరుగు మీద ఉన్నవాళ్లంతా ఆలేరువాళ్లే. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"పట్టాలకు అవుతలి దిక్కు అయ్యుంటది. అచ్చుల పడ్డది అబద్ధమైతదా?" అన్నాడు బావ.

మా ఆయన లేచి, పట్టాలు దాటి చూసివచ్చాడు. అక్కడ ఆడవాళ్లు మిరపకాయలు ఎండబోసుకుంటున్నారట. ఈలోగా మా అత్త మూటలు వాకిట్లోకి తెచ్చుకుని, వాటి మీదే కూర్చుంది.

అప్పటిదాకా నేను బావ ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఏదన్నా తలుపు చాటు నుంచే. ఆ రోజు బయటికి వచ్చాను.

"ఇగ చాలు, ఆ కాయితం మడవుండ్రి. రేపటి సంది మా అరుగు మీద సదువద్దు."

"ఆడిదానివి, నీకేం ఎరుక? లోకం ఏమైతాందో తెలువొద్దా?" అని లేచాడు.

"లోకం సంగతి తర్వాత. మీ అమ్మ కడుపుల ఇంత కూడు పడక ఎన్ని దినాలాయెనో మీకెరుకనా?"

ఆయన తమ్ముడి వైపు చూశాడు. మా ఆయన తల వంచుకుని, "మా ఇంట్ల వద్దే అన్నా" అన్నాడు. బావ చెప్పులు తొడుక్కుని విసురుగా వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి గానుగ దగ్గర చదవడం మొదలుపెట్టాడు. జనం అక్కడికే పోయారు. అంతటితో ఊరుకున్నాడా? నేను సర్కారు మనిషినని, అందుకే పత్రిక ఆపించానని ఊరంతా చెప్పాడు. బావి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవాళ్లు. ఒకామె నా బిందెను పక్కకు నెట్టింది. నెట్టనీ అనుకున్నాను.

మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. అంగడి రోజు మా ఆయన నాలుగు సంగతులు కనుక్కుని, మేం చేయాల్సింది ఏమన్నా ఉంటేనే ఇంట్లో చెప్పాలి. అంతకు మించి ఒక్క ముక్క వద్దన్నాను. కొన్నాళ్లకు అత్త కంచం ఖాళీ చేసింది. మూటలు విప్పి చీరలు దండెం మీద వేసింది.

నిజంగా గండం వచ్చిన నాడు ఏ పత్రికా చెప్పలేదు. పొద్దున్నే పాలు పోసే ఆమె గోడ మీదుగా, "తుపాకులోళ్లు పక్కూర్ల దిగిన్రు, జల్ది బండి కట్టుండ్రి" అంది. కట్టాం. మా తల్లిగారి ఊరికి బయలుదేరాం. బావ వాళ్లకు ఎడ్లు లేవు, మా బండే ఎక్కారు. ఆయన దారి పొడుగునా నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేనూ పలకరించలేదు.

నైజాం దిగిపోయి, మేం ఆలేరు తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం బావ పత్రిక పట్టుకుని మా గడప ముందు నిలబడ్డాడు.

"మంచి కబురే. ఇయ్యాలన్న సదువనిస్తవా?" అన్నాడు. గొంతులో వెటకారం.

"మీ ఇంట్ల సదువుకోండ్రి" అని తలుపు వేశాను.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన మా ఇంటికి రాలేదు. రమ్మని నేనూ కబురు పెట్టలేదు.