అమ్మ విరిచిన సగం గోళీ

మా అమ్మకు చదువు రాదు. ఆ మాట చెప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగకపోయినా చెబుతాను.

చిరాగ్‌పల్లిలో హైవే పక్కన నాన్నకు మిర్చీబజ్జీల బండి ఉంది. ఆయనకు మూర్ఛ జబ్బు. పొద్దున సగం, సాయంత్రం సగం గోళీ వేసుకోవాలి. అమ్మే బొటనవేలితో నొక్కి గోళీని విరిచి, ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడేది. అలా మూడేళ్లు మూర్ఛ మా గడప తొక్కలేదు.

అలాంటిది పోయిన ఎండాకాలం ఒకే వారంలో రెండుసార్లు పడిపోయాడు. రెండోసారి కాగుతున్న నూనె మూకుడు పక్కనే. జానెడు ఇటు పడి ఉంటే! గోళీలు ఎగ్గొడుతున్నావా అని నాన్న మీద అరిచాను. అమ్మకు రోషం వచ్చింది.

"నా చేత్తోని ఏసిన బిడ్డా, ఆయననేమనకు! గోళీలల్లనే ఏదో ఉన్నది. ఇంతకుముందు టప్పున రెండు ముక్కలయితుండె. గిప్పుడు పిండి లెక్క రాలుతున్నది."

నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే, జహీరాబాద్‌లో ఆ గోళీలు అమ్మిన మందుల షాపతనైతే నవ్వేశాడు. "అక్షరం రాదు, కంపెనీ మందుకే వంక పెడుతున్నవా పెద్దమ్మా?" అన్నాడు.

అమ్మ కదల్లేదు. "మూడేండ్ల సంది రోజుకొకటి విరుస్తున్న. నువ్వెన్ని విరిచినవో చెప్పు సేటూ" అంది. అతను నవ్వడం ఆపి వేరే గిరాకీ వైపు తిరిగాడు. అబ్బ, ఆ క్షణాన అమ్మను చూసి ఎంత పొంగిపోయానో!

అదే రోజు డాక్టరుకు చెప్పి నాన్నకు సర్కారు దవాఖాన గోళీలు మొదలుపెట్టించాను. మిగిలిన పాత గోళీలు, అమ్మ దాచిన బిల్లు పట్టుకెళ్లి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన షాపులో ఉన్న అదే రకం గోళీలు కూడా తీసుకుని పరీక్షకు పంపాడు. వాటిలో మందే లేదని రిపోర్టు వచ్చింది. షాపు మూయించి, ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కూపీ లాగడం మొదలుపెట్టారు.

అమ్మ వాంగ్మూలం కోసం ఇన్‌స్పెక్టరు మా ఇంటికే వచ్చాడు. రాసినదంతా చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు. ఎప్పటిలాగే అమ్మ తల దించుకుంటుందనుకున్నాను. దించుకోలేదు. గోళీలు విరిచే బొటనవేలికి సిరా అద్ది, "గీ ఏలే సారు, దొంగమందును పట్టింది" అంటూ కాగితం మీద గట్టిగా అదిమింది.