ముందుగదిలో నీళ్ళకాన్పు

మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఆ కాలంలో ఒక ఇంటి సంగతి ఆ ఇంటి గోడల మధ్యే ఉండిపోవడమంటూ జరిగేది కాదు. మా వంటింట్లో ఎండుచేప వేగితే పక్కింటి మిష్టి కాకిమా మధ్యాహ్నానికల్లా గిన్నె పట్టుకుని వచ్చేసేది. వాళ్ళింట్లో మొగుడూ పెళ్ళామూ బెంగాలీలో పోట్లాడుకుంటే మా మామ్మ ఇక్కడ కూర్చుని తెలుగులో తీర్పు చెప్పేది. (కాకిమా అంటే పిన్ని. ఆమె అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక మిఠాయి ఉండేది గనక మిష్టి కాకిమా.) అలాంటి చోట కడుపుతో ఉన్న మా అమ్మ ఒకరోజు అన్నాలదగ్గర, సాంబారు గరిటె చేతిలో ఉండగానే, "ఈసారి ఆస్పత్రిలో కాదు, ఇంట్లోనే కంటాను. నీళ్ళ తొట్లో. పిల్లలు కూడా దగ్గరుంటారు" అని ప్రకటించింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఇంట్లో నాకు తెలియకుండా ఏ నిర్ణయమూ జరగకూడదని గట్టిగా నమ్ముతున్న వయసు. అందుకని నాకు ముందే తెలుసన్నట్టు తల ఊపాను.

మామ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఓలమ్మో! తొట్లో కనడమేటే? ఇన్ని మంచాలున్నాయి గదా లోకంలో!" అంది. నాన్న గూడ్సు బండి డ్రైవరు, మాటలు తక్కువ మనిషి. ఆయన చాలాసేపు ఆలోచించి, "మన క్వార్టర్లో కుళాయి ఎప్పుడొస్తాదో, ఎప్పుడు పోతాదో నీకు ఎరికే గదా?" అని ఒక్క ప్రశ్న వేశాడు. మా తమ్ముడు బుడ్డోడికి ఏడేళ్ళు. వాడు మాత్రం మెరిసే కళ్ళతో, "పుట్టగానే ఈత కొడతాదా?" అనడిగాడు. అమ్మ అందరికీ ఒకే జవాబు చెప్పింది. "బుడ్డోడు పుట్టినప్పుడు ఆ గదిలో నాకు ఎరికైన ముఖం ఒక్కటీ నేదు అత్తా. పైన ఫ్యానునే చూసుకుంటూ పడున్నాను. ఏడిస్తే అరవకు అన్నారు. ఈసారి నా వాళ్ళ మధ్యన కంటాను." అమ్మ బడిలో టీచరు, పిల్లలకి లెక్క అర్థమయ్యేదాకా ఎంత ఓపిగ్గా చెబుతుందో, ఆ రోజు అంత ఓపిగ్గా చెప్పింది. మామ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "ఫ్యానైతే ఇక్కడా ఉన్నాది" అని గొణిగింది.

అమ్మని మొదటినుంచీ చూస్తున్న డాక్టరమ్మ షరతుల మీద ఒప్పుకుంది: పరీక్షలన్నీ సవ్యంగా ఉండాలి, పక్కన చదువుకున్న మంత్రసాని ఉండాలి, వాకిట్లో కారు సిద్ధంగా ఉండాలి, ఏ చిన్న తేడా కనబడినా మొండికెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. కారు కాకిమా వాళ్ళది. (మొదట ఈ మాట విని రెండు చెవులూ మూసుకున్న కాకిమాయే, మర్నాటికి కారు తుడిపించడం మొదలుపెట్టింది.) మంత్రసాని మా పిన్ని, అంటే అమ్మ పినతల్లి కూతురు. హైదరాబాదులో నర్సుగా ఇలాంటి కాన్పులే చేయిస్తుంది. నెలలు నిండేసరికి సెలవు పెట్టి, ఒక పెద్ద సంచితో, మడతపెట్టిన నీలం రంగు గాలితొట్టితో రైలు దిగింది.

ఆ తొట్టి గురించి చెప్పాలి. సైకిలు పంపుతో నేనూ నాన్నా వంతులేసుకుని గాలి కొట్టాం. కొడుతున్నకొద్దీ అది పెరుగుతూ పోయి, టీవీని మూలకి నెట్టి, దివాను కాళ్ళని వరండాలోకి తోసి, మా ముందుగదిని పూర్తిగా మింగేసింది. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా తొట్టి చుట్టూ గోడకి వీపు ఆనించుకుని పీతల్లా పక్కకి నడవాల్సిందే. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన మా పాస్టరుగారు గుమ్మంలోనే ఆగి, తొట్టిని తేరిపార చూసి, ఎంతో ఆనందంగా "ఎవరికమ్మా బాప్తిస్మం?" అన్నారు. మామ్మ సిగ్గుతో వంటింట్లోకి పారిపోయింది. అసలు సంగతి అమ్మే చెప్పింది. ఆయన కాసేపు గొంతు సవరించుకుని, నీళ్ళ మీద దేవుని ఆత్మ అల్లాడుచుండెను అనే బైబిలు మాటతో మొదలుపెట్టి చాలా మంచి ప్రార్థన చేశారు.

పిన్ని మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఫోనులో కాన్పుల వీడియోలు చూపించేది. మేం భయపడకూడదని. బుడ్డోడు ఒళ్ళో మురీల గిన్నె పెట్టుకుని, మరమరాలు నములుతూ, క్రికెట్టు చూసినట్టు చూసేవాడు. "అమ్మ గట్టిగా మూలుగుతాది. బరువైన బీరువాని తోస్తున్నప్పుడు మనం ఎలా అంటామో అలాగ. అది పనిచేస్తున్న చప్పుడు, ఏడుపు కాదు" అని పిన్ని చెప్పింది. మా ఇద్దరికీ ఒక హక్కు కూడా ఇచ్చింది: గదిలో ఉండొచ్చు, వద్దనుకుంటే కాకిమా ఇంటికి వెళ్ళొచ్చు, మధ్యలో మనసు మార్చుకున్నా ఎవరూ ఏమీ అనరు. నేను ఆ మాట పూర్తి కాకుండానే "నానుంటాను. అమ్మ చెయ్యి నానే పట్టుకుంటాను" అన్నాను. బుడ్డోడు మాత్రం మర్నాడు బడికి వెళ్ళి క్లాసు క్లాసంతటినీ కాన్పుకి పిలిచి వచ్చాడు. సాయంత్రానికి వీధిలో కనిపించినవాళ్ళందరూ "కబ్ హై?" అని అడగడం మొదలుపెట్టారు, ఏదో మ్యాచి ఎప్పుడని అడిగినట్టు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిన్ని, "ఒకసారి రిహార్సలు చేసి చూద్దాం, ఎవరెక్కడ నిలబడాలో తెలుస్తాది" అంది. అమ్మకి నడుం నొప్పిగా ఉంది, పడుకుంది. మరి తొట్టిలో ఎవరు కూర్చుంటారు? అప్పటిదాకా ఆ తొట్టి వంక కన్నెత్తి చూడని మామ్మ, "నాను కూకుంటాన్లే. మీకెవులికీ మూలగడం రాదు" అని, చర్చి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, సగం నీళ్ళున్న తొట్టిలోకి దిగిపోయింది. మొదట కొంచెం సిగ్గుపడుతూ మూలిగింది. పిన్ని "బాగుంది పెద్దమ్మా" అనేసరికి ఊపు వచ్చింది. ఇక ఆగలేదు. ఎప్పుడో పోయిన మా తాతని పేరు పెట్టి పిలిచి, "ఓరి దేవుడో, నానిలాగుంటే ఈ మనిషి ఎక్కడికెల్లిపోనాడో!" అని వర్క్‌షాపు సైరన్‌లా అందుకుంది. అంతే, గోడకి అవతల గిన్నెలు పడ్డ చప్పుడు, కారు స్టార్టయిన చప్పుడు, మెట్లమీద పరుగు. చేతిలో గరిటెతో మిష్టి కాకిమా గుమ్మంలో ప్రత్యక్షమైంది. మంచం మీద లేచి కూర్చున్న అమ్మని చూసింది. తొట్టిలో ఆపసోపాలు పడుతున్న డెబ్భై ఏళ్ళ మామ్మని చూసింది. "ఓ మా! దీదార్ బాచ్చా హోబే?" అంది, అంటే ఈ ముసలమ్మకా బిడ్డ పుట్టబోయేది అని.

నవ్వీ నవ్వీ మాకు ఊపిరాడలేదు. మామ్మ కూడా నవ్వబోయి జారి, లేవలేక, తొట్టి అంచు పట్టుకుంది. నేనూ పిన్నీ కాకిమా కలిసి లాగాం. తొట్టి ఒరిగింది. నీళ్ళు ముందుగది దాటి, వరండా దాటి, మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాయి. ఆఖరికి మామ్మని తెచ్చి మెట్లమీద కూర్చోబెట్టాం. తల తుడుచుకుంటూ మోకాలు నిమురుకుంటోంది. దెబ్బ తగిలిందేమోనని నేను పక్కన చేరితే, నా వంక చూడకుండా, "మీ నాన్నని కన్నప్పుడు నన్నెవులూ నీకేటి కావాలని అడగనేదే గుంటా. నాకూ అడగాలని తెలీనేదు. మీయమ్మ అడుగుతున్నాది. అడగనీ" అంది. ఆ రోజునుంచి తొట్టి గురించి ఎవరైనా ఒక్క మాటంటే మామ్మ ఊరుకునేది కాదు.

అసలు రోజు శనివారం వచ్చింది. నాన్న ఆ పొద్దున్నే బండెక్కి వెళ్ళాడు. పలహారాలయ్యాక అమ్మ గోడ పట్టుకుని నిలబడి, "చెల్లీ, మొదలైనట్టున్నాది" అంది. పిన్ని బిడ్డ గుండె చప్పుడు విని, అంతా బాగుందని చెప్పి, డాక్టరమ్మకి ఫోను చేసి, "తొట్టి నింపండి" అంది. నేను కుళాయి తిప్పాను. అది ఒకసారి దగ్గి ఊరుకుంది. పొద్దుట్నించీ కరెంటు లేదు, కరెంటు లేక పంపు లేదు, పైన ట్యాంకు ఖాళీ. ఇంట్లో ఉన్న బిందెలన్నీ కుమ్మరించినా తొట్టి అడుగు తడిసింది, అంతే. అమ్మ ఆ అడుగునే చూస్తోంది. "పోనీలే, మంచం మీదైనా పరవానేదు" అంది పిన్నితో. ఆ "పోనీలే" నాకు నచ్చలేదు. ఇన్నాళ్ళూ అమ్మ దేనికీ పోనీలే అనకుండా నిలబడింది.

నేను వీధి మధ్యకి పరుగెత్తాను. రిహార్సల్లో నా చోటు అమ్మ కుడిచేతి పక్కన. వీధి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నాకున్న భాషలన్నిట్లోనూ అరిచాను. "వేడినీళ్ళు కావాలి! గరమ్ పానీ! గొరొమ్ జోల్! మా అమ్మకి! శుభ్రమైన గిన్నెల్లో!" వీధిలో వాళ్ళకీ ఆ పూట దాచుకున్న బిందెల్లో నీళ్ళే ఉన్నాయి. అయినా ఒకేసారి ప్రతి వంటింట్లోంచీ గ్యాసు పొయ్యి వెలిగించిన టపటపలు వినబడ్డాయి.

ఏమేం వచ్చాయో చెబితే నమ్మరు. డేక్సాలు, ప్రెషర్ కుక్కర్లు, చర్చి విందుల బిర్యానీ గుండిగ, వీధి మూల టీ దుకాణంలో మేం దాదా అని పిలిచే అన్న తెచ్చిన పెద్ద కెటిలు. ముందురోజు మాతో కుళాయి దగ్గర పోట్లాడిన ఒడియా ఆవిడ కూడా, ముఖం అటు తిప్పుకుని, అందరికన్నా పెద్ద గిన్నె తెచ్చింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. గిన్నెలు లోపలికి, మనుషులు బయటికి. "లైన్‌లో రండి! ఆంటీ, మూత తియ్యండి!" అని పెద్దవాళ్ళని అదిలిస్తున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది గాని, అప్పుడు ఒక్కరూ మారు మాట్లాడలేదు. నా చేతిలోంచి మామ్మ అందుకుని పోసేది, పిన్ని వేడి చూసేది. ఒక కుక్కరు మాత్రం "దీంట్లో పప్పు వాసనొస్తన్నాది" అని పిన్ని వెనక్కి పంపించింది. (అది తెచ్చినావిడ ఆ తర్వాత చాలాకాలం మా ఇంటికి రాలేదు.)

తొట్టి నిండింది. అమ్మ అందులోకి దిగి, అంచుమీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని, "అబ్బా" అంది. అంత హాయిగా ఎవరైనా అబ్బా అనడం నేను మళ్ళీ వినలేదు. బుడ్డోడు ఎవరూ చెప్పకుండానే విసనకర్ర తెచ్చుకుని తలదగ్గర కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. చెయ్యి మార్చుకుంటున్నాడు గాని ఆపడం లేదు. ఇక నా సంగతి. వీధిని గడగడలాడించిన నేను, అమ్మ మొదటి పెద్ద మూలుగు వినగానే మామ్మ వెనక్కి వెళ్ళి కొంగులో ముఖం దాచుకున్నాను. అది బీరువా తోసే చప్పుడులా లేదు. కొండని తోస్తున్నట్టుంది. నొప్పి తగ్గినప్పుడు అమ్మ కళ్ళు తెరిచి నన్ను వెతికింది. "ఎల్తావేటే? ఎల్లినా పరవానేదు తల్లీ" అంది. అంత పనిలోనూ నన్నడిగింది. "నానెల్లను" అని వచ్చి కుడిచెయ్యి పట్టుకున్నాను. నా వేళ్ళు విరుగుతాయనుకున్నాను. విరగలేదు.

అప్పుడు పిన్ని "ఇదిగో, ఇదిగో" అంటూ నీళ్ళలోంచి మా చెల్లిని పైకెత్తి అమ్మ గుండెలమీద పెట్టింది. అది ఏడవలేదు. బుడ్డోడి విసనకర్ర ఆగిపోయింది. పిన్ని తువ్వాలుతో దాని వీపు రుద్దుతోంది, మామ్మ పెదవులు కదులుతున్నాయి, అమ్మ "అమ్మా, ఏదీ, ఏదీ" అంటోంది. తర్వాత ఒక చిన్న తుమ్ము, దాని వెనకే క్వార్టర్లన్నీ అదిరేలా ఏడుపు. మామ్మ "స్తోత్రం ప్రభువా!" అంది. సరిగ్గా అదే క్షణంలో కిటికీ బయట మిష్టి కాకిమా శంఖం ఊదింది, చుట్టూ ఆడవాళ్ళంతా శుభానికి నాలుక ఆడిస్తూ చేసే ఉలుధ్వని అందుకున్నారు. ఆ గోలలో బుడ్డోడు నాతో మెల్లిగా, చాలా నిరాశగా, "దీనికి ఈత రాదే" అన్నాడు. (నిజమే. నీళ్ళలో పుట్టిన ఆ మహాతల్లి ఇప్పటికీ తలంటు అంటే దివాను కిందికి దూరుతుంది.)

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి తల్లినీ పిల్లనీ చూసి, అంతా బాగుందని చెప్పి, కాకిమా పెట్టిన సందేశ్ మిఠాయి తిని వెళ్ళింది. సాయంత్రం నాన్న వచ్చాడు. దారిలోనే ఫోనులో తెలిసిందట. డ్యూటీ బట్టల్లోనే, సంచి భుజం మీద ఉండగానే, పీతలా పక్కకి నడుచుకుంటూ అమ్మ దగ్గరికి చేరి, పిల్లని చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత తొట్టి వంక చూసి, "కరెంటు నేదు గదా, నీళ్ళెలాగొచ్చినాయి?" అన్నాడు.

"వీధి తెచ్చింది. అడిగింది నీ కూతురు" అంది అమ్మ.

నాన్న లేచి నా ముందుకొచ్చాడు. ముద్దు పెట్టుకుంటాడనుకుని నేను బుగ్గ సిద్ధం చేసుకున్నాను. ఆయన చెయ్యి చాచాడు. డ్యూటీ దిగిన డ్రైవరు, ఎక్కబోతున్న డ్రైవరుతో ఎలా కలుపుతాడో అలా, గట్టిగా, ఒక్కసారి ఊపి వదిలాడు. "సెబాస్" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం నాకు బయట పనేమీ లేదు. అయినా జడ విప్పి మళ్ళీ వేసుకుని వీధి ఆ చివరిదాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను. ఎవరైనా చూడకుండా ఉండిపోయారేమోనని మరోసారి కూడా వెళ్ళొచ్చాను. చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరులా నడుస్తున్న పదకొండేళ్ళ పిల్ల. ఆ తర్వాత నాకు చదువులో మార్కులొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, నలుగురూ మెచ్చుకున్నారు కూడా. వినయంగా నవ్వి తలదించుకోవడం నేర్చుకున్నాను. కానీ ఎప్పుడైనా వీధిలో ఒంటరిగా నడుస్తున్నప్పుడు, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ఒక్క నాలుగడుగులు చేతులు వెనక్కి కట్టుకుంటాను. కుదరదు. ఆ పిల్ల నడక ఆ పిల్లకే వచ్చు.