నా కణాలకు నేను చెప్పిన పాఠాలు

గోరంట్లలో మాది బట్టల అంగడి. నా కడుపులో ఉన్నది మా ఆవిడ ఇచ్చిన కిడ్నీ. అది పరాయిదని నా రక్తం తిరగబడకుండా పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఎనిమిదికీ మాత్రలు మింగాలి. వాటితో చేతులు వణికేవి. రవిక గుడ్డ కోస్తే కత్తెర వంకరగా పోయేది. "ఏమన్నా, గుడ్డ మిగిలించుకుంటాండావా?" అని ఒకామె అందరి ముందూ అడిగింది. ఆపరేషన్ కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

బెంగళూరు చెకప్‌కి బామ్మర్దితో పోయినప్పుడు, ఈ మాత్రలు ఎన్నాళ్లని డాక్టరమ్మను అడిగాను.

"ఇప్పటికైతే జీవితాంతం," అందామె. నా మొహం చూసి జాలిపడిందేమో, ఒక కొత్త ప్రయోగం సంగతి చెప్పింది. మన రక్తంలోనే నియంత్రణ కణాలని కొన్ని ఉంటాయట. మిగతావి రెచ్చిపోతే సర్దిచెప్పడం వాటి పని. వాటిని బయటికి తీసి, అమర్చిన అవయవాన్ని గుర్తుపట్టేలా జన్యువులు మార్చి, ల్యాబులో పెంచి తిరిగి ఎక్కిస్తారట. "ఇంకా పరీక్షల్లోనే ఉంది. మీరు మాత్రలు మానకూడదు," అని రెండుసార్లు చెప్పింది. ఆ రెండుసార్లూ నేను కణాల గురించే ఆలోచిస్తున్నాను.

తిరుగు బస్సులో బామ్మర్ది అన్నాడు: "బావా, ఆ కణాలు మన ఒంట్లోనే ఉండాయంట కదా. వాళ్లు బయట పెంచేదేంది? మనమే లోపల పెంచుకుంటే పోలా?"

అతను వాన లేకున్నా వేరుశనగ ఏపుగా పెరుగుతుందని చెప్పి మందులు అమ్మేవాడు. పెంచడం గురించి అతనికి తెలియనిది లేదని నా నమ్మకం.

మరుసటి రోజే శిక్షణ మొదలైంది. పొద్దున్నే మిద్దె మీద కూర్చుని, కడుపు కుడివైపు అరచెయ్యి ఆనించి, "ఇది మనదే, మనింటిదే" అని నూటెనిమిది సార్లు నా కణాలకు చెప్పేవాణ్ణి. బామ్మర్ది ఫోనులో చూసి ఏదో ఆకు కషాయం కాచి తెచ్చేవాడు. మాత్రలు మింగినట్టు నటించి, అంగట్లో హుక్కుల డబ్బాలో దాచేవాణ్ణి. వారానికల్లా వణుకు తగ్గింది. వైద్యశాస్త్రాన్ని మించిపోయామని ఇద్దరం టీ తాగుతూ తీర్మానించుకున్నాం.

రెండో వారం చెప్పులు పట్టలేదు. పాదాలు ఉబ్బాయి. "ఎండలు కదా బావా," అన్నాడతను. అదే రోజు మా ఆవిడ హుక్కుల కోసం డబ్బా మూత తీసింది. లోపల పిడికెడు మాత్రలు.

డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ఏంది ఇవి?"

"అవి... కణాలకు నేనే నేర్పిస్తాండా..."

"నా కిడ్నీ అది. దాని మీద పాఠాలు చెప్పుకునేకి మీకెవరిచ్చినారు పెత్తనం? లెయ్యండి, బెంగళూరుకు పోదాం."

ఆస్పత్రిలో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూశారు. నా రక్తం అప్పటికే దాన్ని తినడం మొదలుపెట్టింది. మూడు రోజులు నరంలోకి గట్టి మందు ఎక్కించారు. కిడ్నీ నిలిచింది కానీ, పాత బలం పూర్తిగా తిరిగిరాలేదు. ఆ సంగతి విని మా ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. కిడ్నీ ఇచ్చినప్పుడు కత్తి కోతకు కూడా ఏడవని మనిషి. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

చూడ్డానికి వచ్చిన బామ్మర్ది, "ఆకు మోతాదు తక్కువైందేమో అక్కా," అన్నాడు. ఆమె చూసిన చూపుకు, తెచ్చిన బత్తాయిలు కూడా కింద పెట్టకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు మాత్ర మింగాక మా ఆవిడకు నాలుక ఎత్తి చూపించాలి, అంగట్లో ఎవరున్నా సరే. మొన్న చెకప్‌లో ఆ ప్రయోగం ఎంతవరకు వచ్చిందని అడిగాను. డాక్టరమ్మ మా ఆవిడ వైపు తిరిగి జవాబు చెప్పింది.