ఆమేన్ అనని గొంతు

దెయ్యాలే గనక ఉంటే ఏదో ఒక మీటరుకు దొరక్కపోతాయా అని నవ్వే రకం నేను. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. చదివింది ఎలక్ట్రానిక్స్. చేసేది రేడియో టవర్ల పని. ఉండేది ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరంలోని పియారా వాటర్స్‌లో. కాబట్టి ఇందులో నేను కళ్ళారా చూసింది, చెవులారా విన్నది ఒకవైపు, బాబాయి చెప్పింది మరోవైపు ఉంచి రాస్తాను.

మా పిన్ని సునీత, బాబాయి ప్రసాద్ గుంటూరు నుంచి వచ్చి, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఒక చిన్న దీవిలో చాలా ఏళ్ళు మిషనరీలుగా పనిచేశారు. బాబాయి అక్కడి చర్చికి పాస్టర్. ఆమధ్య వాళ్ళ సేవాకాలం ముగిసింది. సామాను సర్దడానికి సాయంగా సెలవు పెట్టి ఆఖరి వారాల్లో నేనూ వెళ్ళాను.

ఆ దీవిలో రోడ్డు కంటే రేడియో ముఖ్యం. పడవ మీద వెళ్ళేవాళ్ళ దగ్గర చేతి సెట్టు ఉంటుంది, ఇంట్లో పెద్ద సెట్టు ఉంటుంది. బాబాయి పక్క దీవులకు వెళ్ళినప్పుడల్లా వాళ్ళిద్దరిదీ ఒక పద్ధతి. ఒడ్డు చేరగానే ఆయన "సునీతా, చేరాను" అంటాడు. పిన్ని ఇక్కణ్ణుంచి రెండు మాటల్లో ప్రార్థన చేస్తుంది. ఆయన అక్కణ్ణుంచి "ఆమేన్" అంటాడు. ఆ ఆమేన్ వినిపించేదాకా ఆమె పొయ్యి వెలిగించదు. పెళ్ళైన కొత్తలో ఫోన్లో మొదలైన అలవాటట.

నేను వెళ్ళినప్పటి నుంచీ పెద్ద సెట్టులో ఏదో తేడాగా ఉంది. సాయంత్రం మేం కుటుంబ ప్రార్థనకు కూర్చోగానే దాని మీది చిన్న దీపం వెలిగేది. అంటే అవతల ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారని అర్థం. మాట మాత్రం వచ్చేది కాదు. ప్రార్థన అవగానే ఆరిపోయేది. యాంటెన్నా చూశాను, కేబుల్ మార్చాను, పవర్ సప్లై విప్పి మళ్ళీ బిగించాను. ఏ పడవలోనో బటన్ ఇరుక్కుపోయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

"వినేవాళ్ళు విననీలేరా, వాక్యమేగా" అన్నాడు బాబాయి.

"తెలుగు వాక్యం విని ఏం చేసుకుంటారండీ?" అంది పిన్ని. ముగ్గురం నవ్వాం.

వెళ్ళిపోయే ముందు బాబాయికి ఒక పని మిగిలింది. పక్క దీవిలో మంచాన పడ్డ ఒక పెద్దావిడకు ఆఖరిసారి ప్రభువు బల్ల, అంటే ప్రార్థన చేసిన రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి రావాలి. మధ్యాహ్నం భోజనం చేసి ఒక్కడే పడవ తీశాడు. చేతి సెట్టు నేనే ఛార్జింగ్ పెట్టి ఇచ్చాను.

మామూలుగా చేరే వేళకు సెట్టు పలికింది. "సునీతా, చేరాను." బాబాయి గొంతే. మాటకు ముందు ఆయన చేసే చిన్న దగ్గు కూడా ఉంది. నేను అట్టపెట్టెకు టేపు వేస్తున్నాను. పిన్ని మైకు తీసుకుని, "తండ్రీ, క్షేమంగా చేర్చినందుకు స్తోత్రం" అని బటన్ వదిలింది.

ఆమేన్ రాలేదు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఏవండీ, ఆమేన్ అనండి."

కాస్సేపటికి అదే దగ్గు. "సునీతా, చేరాను."

"ఆమేన్ అనండి" అంది పిన్ని మళ్ళీ. మళ్ళీ అదే దగ్గు, అదే రెండు మాటలు, అదే స్వరం. పిన్ని మైకు బల్ల మీద పెట్టి లేచింది.

"ఒరేయ్ కిరణ్, ఆయన కాదురా ఇది. పక్కింటాయన్ని పడవ తియ్యమని చెప్పు."

"సిగ్నల్ వీక్‌గా ఉండుంటుంది పిన్నీ, నీ మాట అటు వెళ్ళటం లేదేమో" అన్నాను. నా మాట పూర్తయ్యేసరికే ఆమె చెప్పుల్లేకుండా వీధిలో ఉంది.

పక్కింటి నెడ్ అంకుల్ ఆ దీవివాడే, చర్చి పెద్ద. మనలాగే వాళ్ళూ పెద్దవాళ్ళను అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. పిన్ని పడవ తియ్యమనగానే "మీ పాస్టర్‌కి బైబిల్ అంతా వచ్చు, ఇంజనే రాదు" అని ఇంగ్లీషులో అంటూ నవ్వబోయి, పిన్ని ముఖం చూసి ఆగిపోయాడు. పడవ తాళంచెవి తీసుకున్నాడు. నేనూ పడవెక్కాను.

బాబాయి పక్క దీవికి చేరనేలేదు. దానికి బాగా అవతల, పోటు లాక్కుపోయే దారిలో పడవ తేలుతూ కనిపించింది. ఇంజన్ మూత తెరిచి ఉంది. ప్రభువు బల్ల పెట్టె సీటు మీద ఉంది, దాని పక్కన బూట్లు. బాబాయి పడవ అంచు మీద కూర్చుని రెండు కాళ్ళూ నీళ్ళలోకి వేలాడేశాడు. కుడిచెయ్యి కిందికి చాచి ఉంది.

"దిగొద్దు పాస్టర్!" అని అంకుల్ అరిచాడు.

మమ్మల్ని చూసి బాబాయి తెల్లబోయాడు. "సునీత దిగమందిరా. మోకాలి లోతేనట" అన్నాడు నాతో.

ఆయన్ను మా పడవలోకి లాక్కున్నాక అంకుల్ లంగరు వేసి చూశాడు. తాడంతా లోపలికి దిగింది గానీ సముద్రం అడుగు తగల్లేదు.

బాబాయి చెప్పింది ఇది. రేవు దాటగానే ఒక పెద్ద అల పడవలోకి కొట్టింది. చేతి సెట్టు తడిసి ఆగిపోయింది. ఆ తర్వాత ఇంజనూ ఆగింది. ఆయన సెట్టులో మాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. చాలాసేపయ్యాక ఆ ఆగిపోయిన సెట్టులోంచే పిన్ని గొంతు వినిపించింది.

ఆ సెట్టు నేను విప్పి చూశాను. లోపలంతా ఉప్పునీళ్ళు, బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. మేం వెళ్ళాక పిన్ని మైకు ముట్టలేదని ప్రమాణం చేసింది. అంకుల్ సెట్టు మధ్యాహ్నమంతా అదే ఛానల్ మీద ఉంది. అందులో పిన్ని గొంతు వినిపించలేదు, బాబాయి గొంతూ వినిపించలేదు. ఎవరో ఆట పట్టించారనుకుందామన్నా, ఆ చుట్టుపక్కల దీవులన్నిటిలో తెలుగు వచ్చినవాళ్ళం మేం ముగ్గురమే.

మిగిలిన రోజులు పెద్ద సెట్టు ఊడదీసి పెట్టెలో ఉంచాం. దీపం వెలిగిందో లేదో తెలియదు. పక్క దీవి పెద్దావిడ దగ్గరికి నెడ్ అంకులే బాబాయిని తన పడవలో తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. పిన్ని కూడా వెంట వెళ్ళింది, దారిపొడుగునా ఆయన చెయ్యి వదల్లేదట.

ఇప్పుడు వాళ్ళు సిడ్నీలో, పెండిల్ హిల్‌లో ఉంటున్నారు. మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని వంటింట్లో ఉంది. నీకు పిన్ని గొంతు వినిపించడం వరకైతే ఏదో ఒకటి అనుకోవచ్చు బాబాయ్, అన్నాను. ఎండ, భయం, అలసట. అలాంటి సమయాల్లో మనసుకు లేని గొంతులు వినిపిస్తాయని చదివాను.

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నేనిక్కడే నిలబడి ఉన్నాను, చెయ్యివ్వండి అందిరా. ఇచ్చాను."

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"పట్టుకుంది."

రేడియోకైతే ఎప్పటికైనా ఏదో ఒక కారణం దొరుకుతుందేమో. ఆ చేతికి ఏ మీటరు పెట్టను?