ఆపా నేర్పిన బ్యాంకాక్

మొన్న అమీర్‌పేట మెట్రోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ చిన్న సీసా మూత తీసి, తలనొప్పి మందు కణతలకు రాసుకుంది. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు తగలగానే ఖుర్షీద్ ఆపా ఇంటి ముందుగది గుర్తొచ్చింది. దిగవలసిన స్టేషను దాటిపోయాక గాని తేరుకోలేదు. ఆపా బ్యాంకాక్ నుంచి అలాంటి మందే ఒక సీసా తెచ్చుకుంది. అది అయిపోయాక కూడా పారేయకుండా అలమరలో ఉంచుకుంది. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల నడుమ నేను పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. గుంటూరు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేదాన్ని. ఆపా మా విభాగంలో సీనియరు, అందరికీ ఆపా, అంటే అక్క. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ అమీర్‌పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేది. అంతకు పదేళ్ల ముందు బ్యాంకాక్‌లో పోలియో సోకిన పిల్లల ఆశ్రమంలో జీతం లేకుండా రెండేళ్లు పనిచేసి వచ్చింది. ఆశ్రమం వాళ్లు మళ్లీ ఎవరినైనా పంపమని అడిగినప్పుడు నేను వెళ్తానన్నాను. మా ఇంట్లో ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. ఆపా ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఆదివారం మధ్యాహ్నాలు నన్ను ఇంటికి రమ్మనేది. వీసా గురించో, పట్టుకెళ్లవలసిన బట్టల గురించో చెబుతుందనుకున్నాను. ఆమె కూర్చోవడంతో మొదలుపెట్టింది. చాప మీద నేను కాళ్లు చాపగానే మడవమనేది. అక్కడ ఎవరివైపూ పాదాలు చూపకూడదు. తల అసలే ముట్టుకోకూడదు. మనం పిల్లవాడు రెండడుగులు వేస్తే తల నిమురుతాం, అక్కడ పరాయి చెయ్యి తల మీద పడితే తప్పు. మరి మెచ్చుకోవడం ఎలా అని అడిగాను.

"నవ్వు, సాలు. కానీ వాళ్లు నవ్విన్రని అవునన్నరు అనుకోకు. కాదనేటందుకు సుత నవ్వుతరు."

ఒకే మాటను అయిదు రాగాల్లో పలికితే అయిదు అర్థాలు వచ్చే భాష అది. పని ముగిశాక బేగంపేట వైపు నడుచుకుంటూ నాచేత ఆ మాటలు పలికించేది. దారిన పోయేవాళ్లు మమ్మల్ని వింతగా చూసేవారు. ఆమె లెక్కచేసేది కాదు. మొదటి వారం ఏ పనీ ముట్టుకోవద్దని, ఊరికే చూడమని కూడా చెప్పింది. ఉండేదే ఆరు నెలలైతే వారం వృథా చేయడం ఎందుకని వాదించాను. ఆమె మళ్లీ అదే రాగం పలకమంది.

ప్రయాణానికి ముందు ఆదివారం మాత్రం పాఠమేమీ లేదు. ప్లోయ్ అనే పిల్ల గురించి చెప్పింది. ఆపా వెళ్లేనాటికి ఆ పిల్లకు ఏడేళ్లు, నేల మీద పాకేది. కాళ్లకు క్యాలిపర్లు, అంటే ఇనుప ఊతపట్టీలు, కట్టించుకుని, ఆపా చెయ్యి పట్టుకుని నడక నేర్చుకుంది. వేరే ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. ఆపాకు అది ముచ్చటగానే ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు, వచ్చే ఏడు మళ్లీ వస్తానని ఆ పిల్లకు మాటిచ్చింది. ఇల్లు చేరిన నెలకే తల్లి పక్షవాతంతో పడిపోయింది, ఇక వెళ్లలేకపోయింది. తరువాత అక్కడినుంచి వచ్చిన ఒక నర్సు చెప్పిందట, ఇండియా ఆంటీ వచ్చాకే నడుస్తానని ఆ పిల్ల క్యాలిపర్లు కట్టుకోవడం మానేసిందని, కాళ్లు మళ్లీ బిగుసుకుపోయాయని.

"మస్తు ప్రేమ చేసిన. గదే తప్పయింది," అంది ఆపా. "నువ్వు ఏ పిల్ల చెయ్యి పట్టినా, పక్కపొంటి అక్కడోళ్ల చెయ్యి ఉండాలె. నీ చెయ్యి తీసేస్తే సుత ఆ పిల్ల పడొద్దు. ఇగ, మళ్లొస్తనని మాత్రం అనకు."

ప్లోయ్ ఎలా ఉందో కనుక్కురమ్మని ఆమె అనలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

బ్యాంకాక్‌లో ఆ మొదటి వారం చాలా కష్టంగా గడిచింది. మూడో రోజునే నా చెయ్యి ఒక పిల్లవాడి తల దాకా వెళ్లి గాలిలో ఆగిపోయింది. వాడు నవ్వాడు. అది ఏ నవ్వో నాకు తెలియలేదు. తరువాత వంటింట్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లకు వ్యాయామాలు నేర్పడం మొదలుపెట్టాను. నేను చేస్తే చిటికెలో అయ్యే పని వాళ్లతో చేయిస్తే పూటంతా పట్టేది. కూరగాయలు తరగాల్సి వస్తే మధ్యలో లేచిపోయేవారు. విసుగొచ్చేది. అయినా వాళ్ల చేతులే పిల్లల మోకాళ్ల కింద పెట్టించాను.

ఆ ఇద్దరిలో పెద్దామెకు ప్లోయ్ తెలుసు. నది అవతల ఒక కుట్టు దుకాణంలో పని చేస్తోందని చెప్పి, సెలవు రోజున నన్ను తీసుకెళ్లింది. పద్దెనిమిదేళ్ల పిల్ల మిషను ముందు కూర్చుని ఉంది, పక్కన గోడకు ఒక చంక కర్ర ఆనించి ఉంది. ఆపా గురించి చెబితే చాలాసేపు ఆలోచించింది. ఆమె చేతులు చల్లగా ఉండేవని గుర్తుందట. మళ్లీ వస్తానంటే కొన్నాళ్లు ఎదురుచూశానని, తరువాత కుట్టు నేర్చుకున్నానని చెప్పింది. కోపంగా చెప్పలేదు, ఆప్యాయంగానూ చెప్పలేదు. మాకు చల్లటి నీళ్లిచ్చి మళ్లీ పనిలో పడింది.

ఇదంతా ఆపాకు కొంచెం మెత్తగా ఎలా చెప్పాలా అని విమానంలో ఆలోచిస్తూనే వచ్చాను. తీరా వెళ్లేసరికి ఆమె తన తల్లికి మోకాలు మడుస్తూ, చాపుతూ వ్యాయామం చేయిస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వింటున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు.

"మిషను కాలుతోటి తొక్కుతదా, చేతితోటి తిప్పుతదా?" అని అడిగింది.

"కాలితోనే ఆపా. కుడికాలితో."

"ఎడమది?"

"అది రాలేదు."

ఆపా తన తల్లి కాలిని మెల్లగా మంచం మీద పెట్టి దుప్పటి సర్దింది. "కుడికాలు వచ్చింది," అని తనలో తాను అనుకున్నట్టు అంది. చాయ్ పెడతానని లోపలికి వెళ్లింది. చాలాసేపటికి గాని రాలేదు. వచ్చాక వేరే సంగతులు మాట్లాడుకున్నాం.

తల్లి పోయాక కూడా ఆపా బ్యాంకాక్ వెళ్లలేదు. కొన్నేళ్లకు ఆమె కూడా పోయింది. నేను ఇప్పటికీ పిల్లలకు వ్యాయామం చేయిస్తున్నాను. ఆ పిల్లల తల్లి చెయ్యి మోకాలి కింద పెట్టించాకే నా చెయ్యి వేస్తాను. పరాయి దేశంలో సేవ చేస్తామని ఉత్సాహంగా వచ్చే కుర్రకారు సూట్‌కేసులో ఏమేం సర్దుకోవాలని అడుగుతారు. అదీ చెబుతాను గాని, ముందుగా, మీరు తిరిగి వచ్చేశాక అక్కడ ఆ పని ఎవరు చేస్తారని అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు. సాయంత్రం పిల్లలు వెళ్లేటప్పుడు, రేపు ఉంటావా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఉంటానని తెలిసిన రోజునే ఉంటానంటాను.