కారం గీత, ఉప్పు గీత

ఈ ఉదయం మా అమ్మాయి కొత్త ఎలక్ట్రానిక్ త్రాసు వంటింటి గట్టు మీద పెట్టుకుని ఆవకాయకు కారం తూచబోయింది. ఏ లెక్కనైనా సరిచూసుకోనిదే ఊరుకోలేని స్వభావం నాది. అటక మీది పాత స్టీలు డబ్బా దించి, దానిలోపల మేకుతో గీసిన రెండు గీతల్లో పైదాని వరకు కారం నింపాను. డబ్బా బరువు మినహాయించి పావుకిలో చూపవలసిన త్రాసు అంతకు బాగా ఎక్కువే చూపింది. ఒంపేసి మళ్లీ నింపాను, అదే ఫలితం. ఇక మనసు నిలవలేదు.

ఆ గీతలు గీసిన వేసవిలో నేను కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, ఫిల్మ్‌నగర్‌లో అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ సినిమా సెట్లకు సామాను సమకూర్చేవాడు. అక్క తెల్లవారకముందే షూటింగుల వంటకు పరుగెత్తేది. మా ఆఫీసు క్యాంటీనువారు ఆమె ఆవకాయ రుచి చూసి, మొదటి విడత జాడీలు కూడా అచ్చం అలాగే ఉంటే ఏడాది పొడవునా ఆమె దగ్గరే కొంటామన్నారు. అది కుదిరితే ఆ పరుగు మానవచ్చునని అక్క ఆశ. తీరా ముక్కలు కోసి, తుడిచి, తూకానికి కూర్చుంటే తరాజు లేదు. కిరాణా కొట్టు సెట్టుకు కావాలని బావ దాన్ని జూబ్లీహిల్స్ షూటింగుకు పట్టుకుపోయాడు!

"ఒక్క సీనే ఉన్నదే, రేపు పొద్దుగాల తెస్త. ఫికర్ జేయకు" అన్నాడు బావ, భోజనానికి వచ్చి.

"మీ హీరో వచ్చేదాంక నా ముక్కలు ఆగుతయా? నీళ్లొదిలి మెత్తగైతయి!" అంది అక్క.

"అయితే కారం ఒక డబ్బా, ఉప్పు ఒక డబ్బా ఎయ్యి. రెండూ పావుకిలోనే గద!"

"గట్లేస్తే పచ్చడి గాదు, సముద్రమైతది! తమ్మీ, జర నువ్వన్న చెప్పు మీ బావకు."

నేను వంటింటికీ వరండాకూ మధ్య తిరుగుతూ ఆలోచించాను. మరలో తూచి ఇచ్చిన కిలో కారం సంచి, విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు ఇంట్లో ఉన్నాయి. కారాన్ని టీ గ్లాసుతో కొలిచి నాలుగు సమాన వాటాలు చేశాను. ఒక్కో వాటా పావుకిలో. ఒక వాటాను అక్క స్టీలు డబ్బాలో పోస్తే దాదాపు అంచుదాకా వచ్చింది. ప్యాకెట్టు ఉప్పునూ అలాగే పంచి ఒక వాటా పోస్తే సగం కూడా రాలేదు. ఒకే బరువుకు అంత ఎడమున్న ఆ రెండు మట్టాల దగ్గరా డబ్బా లోపల మేకుతో గీతలు గీశాను. అక్క ఆ గీతల ప్రకారమే కలిపింది. క్యాంటీనువారు తేడా పట్టలేకపోయారు; ఆ నెలాఖరుకే ఆమె షూటింగుల వంట మానేసింది.

మర్నాడు తరాజు సెట్టు రంగులు పూసుకుని తిరిగివచ్చింది గానీ, పచ్చళ్ల పని మానేసేదాకా అక్క చేతిలో ఆడింది డబ్బాయే. ఆ తరువాత దాన్ని నాకిచ్చింది.

మరి ఈరోజు తేడా ఎక్కడ? చాలాసేపటికి తట్టింది. గీత తప్పలేదు; కారం మారింది. టోలిచౌకి దారిలోని ఆ మరలో పట్టించిన కారం బరకగా, పొంగుతూ ఉండేది. మర పోయి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఇప్పటి ప్యాకెట్టు కారం మెత్తగా, అణగి కూర్చుంటుంది.

కొత్త గీత గీద్దామని మేకు వెతికి తెచ్చాను. అక్క చేతిలో ఆడిన ఆ గీతల పక్కన ఇంకొకటి గీయబుద్ధి కాక, కారం ఒంపేసి మేకును డబ్బాలో వేసి మూతపెట్టాను.