ఘాటు రాని మిరపకాయ

మా అన్న పటాలంలో, చైనా సరిహద్దు మీద ఉంటాడు. మా చేలో పండిన మిర్చి చైనాకు పోతుంది. ఈ రెండూ ఒకే ఇంటి సంగతులని, ఆ ఏడు వానాకాలం మొదట్లో, సరిహద్దులో మన జవాన్లు చనిపోయారని టీవీలో చెప్పిన పొద్దుటిదాకా నాకు తట్టలేదు.

బయ్యారం పక్కన మాకు రెండెకరాల మిర్చి. "చైనా వాళ్లు కొంటున్నరు, రేటుకు ఢోకా లేదు" అని మానుకోట మార్కెట్‌లో వ్యాపారి అన్నప్పుడల్లా బాపు ముఖం వెలిగేది. "గంత కారం ఎట్ల తింటరో పాపం" అని అమ్మ జాలిపడేది కూడా. మాకు చైనా అంటే అంతే, దూరపు బేరగాడు.

ఆ పొద్దున టీవీలో ఇంకా పేర్లు చెప్పలేదు. అన్న ఫోన్ కలవడం లేదు. మా వాకిట్లో చేరినవాళ్లు చైనా ఫోన్లన్నీ పగలగొట్టాలని, చైనా ఫోన్లలో వార్తలు చూస్తూనే తీర్మానించారు. చైనా మీద నాకూ ఒళ్లు మండింది. ఆ మంట పైపైనే, లోపలంతా భయం. ఒకాయన బాపును అడిగాడు, "ఆళ్లకు మస్తు బలమున్నదట గదా, మనోళ్లు తట్టుకుంటరా?" బాపు లేచి లోపలికి వచ్చాడు.

అన్న పాత చొక్కా తీసి అమ్మ పీట మీద పరిచింది. మనిషి దగ్గర లేనప్పుడు అతని బట్టకు దిష్టి తీయడం మా ఇంట్లో ఉన్నదే. గుప్పెడు ఎండు మిరపకాయలు, ఉప్పు కలిపి మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ, పొరుగు అన్న మాట దగ్గరే ఆపేసింది. తర్వాత పొయ్యిలో వేసింది. ఘాటు లేచి దగ్గొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు. ముగ్గురం దగ్గు కోసం ఎదురుచూశాం. కాయలు మాడి బూడిదయ్యాయి. ఎవరికీ ఒక తుమ్మైనా రాలేదు.

"అయ్యో నా కొడుక" అని అమ్మ అక్కడే కూలబడింది. చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మనని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. అయినా నేను కూడా పొయ్యి మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చి చూశాను.

ముందు తేరుకున్నది బాపే. మిరపకాయల డబ్బా తెచ్చి చూపించాడు. "ఏడ్వకు. గిది తాలు కాయ. మంచిదంతా అమ్మినం గదా."

నిజమే. ఎర్రటి కాయంతా బస్తాలకెత్తి, రంగు పోయి ఘాటు చచ్చిన తాలు ఇంటికి ఉంచుకోవడం మా అలవాటు. మా మంచి కాయ తిన్నవాళ్లే మా అన్న మీదికి వస్తున్నారనిపించింది.

"పక్కింట్ల మంచియి అడిగి తెస్త, మళ్ల తియ్యి" అన్నాడు బాపు.

అమ్మ వద్దంది. "వాటికి గూడ ఘాటు రాకపోతే?"

మూడో రోజు అన్న ఫోన్ చేశాడు. "మంచిగనే ఉన్న, పరేషాన్ గాకుండ్రి. రేపు ఇంక పైకి పోతున్నం, ఫోన్ కలువది." పెట్టేసే ముందు, "మిర్చి పోయిందా బాపు?" అన్నాడు.

"పోయింది బిడ్డా."

ఎక్కడికో బాపు చెప్పలేదు. అన్న అడగలేదు.

ఇప్పటికీ మిర్చి వేస్తున్నాం, వాళ్లే కొంటున్నారు. బస్తాలు కుట్టకముందే అమ్మ ఒక డబ్బా నిండా మంచి కాయ తీసి పక్కన పెడుతుంది. కూరలో వేస్తానంటే చేతి మీద కొడుతుంది. అన్న ఇంకా ఆ కొండల్లోనే ఉన్నాడు. ఆ డబ్బాలోంచి గుప్పెడు తీసి పొయ్యిలో వేసే ధైర్యం మాత్రం అమ్మకు ఇంతవరకూ రాలేదు.